దారి మళ్ళిన బండి

ఇరవై ఆరేళ్ళు కాన్పుల గదిలో నిలబడి నిలబడి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంక నిలబడే పని మానుకోకపోతే మంచాన పడతావని డాక్టర్లు గట్టిగా చెప్పాక, కూర్చుని చేసే ఉద్యోగం ఒకటి ఇచ్చారు. ఊళ్ళోనూ చుట్టుపక్కలా ఉన్న పందొమ్మిది ఆసుపత్రుల్ని అప్పుడే ఒక కంప్యూటర్ నెట్‌వర్క్‌తో కలిపారు. ఎక్కడ తల్లులకు బెడ్డు ఖాళీగా ఉంది, ఎక్కడ చంటిపిల్లలను పెట్టే బాక్సు ఖాళీగా ఉంది, ఏ అంబులెన్సు ఏ రోడ్డు మీద పోతోంది, అన్నీ గోడంత తెర మీద కనిపిస్తాయి. ఖాళీ ఉంటే పచ్చ, నిండితే ఎరుపు. ప్రాణం మీదికి వచ్చిన తల్లినో బిడ్డనో ఎక్కడికి పంపాలో చూసి, అక్కడివాళ్ళను ఒప్పించి, బండి పంపడం ఆవిడ పని.

అంబులెన్సు డ్రైవర్లు ఆవిడకు బెడ్లక్క అని పేరు పెట్టారు. మొదట్లో ఒళ్ళు మండింది. "నేనేమన్నా మంచాల కొట్టు పెట్టుకున్నానా?" అని ఒకడి మీద గయ్యిమంది కూడా. ఆర్నెల్లు తిరిగేసరికి తనే ఫోనెత్తి, "బెడ్లక్కను మాట్లాడుతున్నా, చెప్పండి," అనడం అలవాటైపోయింది.

ఆఫీసు రెండో అంతస్తులో. ఒకప్పుడు పాత ఫైళ్ళు పడేసే గది. ఒకటే కిటికీ. ఏసీ నుంచి నీళ్ళు కారి కింద పెట్టిన బకెట్లో టప్పుటప్పుమంటూ ఉంటాయి. బెడ్లక్క వీపు వెనక దిండు పెట్టుకుని పొద్దున్న ఏడింటికి కూర్చుంటే మళ్ళీ మూడింటికి లేవడమే. తెర మీద కనిపించేవి దీపాలే అయినా ఆవిడకు మాత్రం మనుషులు కనిపించేవాళ్ళు. ఒక ఎర్రదీపం చూస్తే, దాని వెనక ఏ సిస్టర్ కొంగు బొడ్లో దోపుకుని పరుగెడుతోందో కూడా చెప్పగలదు.

ఆ మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి ఊరి చివర చిన్న ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, ఇరవై ఆరేళ్ళ అమ్మాయి. ఎనిమిదో నెల. బీపీ ఒక్కసారిగా పెరిగిపోయి రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఉన్నపళంగా ఆపరేషన్ చేసి బిడ్డను తీశాం. ఆడపిల్ల. బతికే ఉంది కానీ ఊపిరి చాలడం లేదు. ఇద్దర్నీ ఇక్కడ ఉంచలేం."

బెడ్లక్క తెర వైపు చూసింది. పెద్దాసుపత్రిలో తల్లికి ఐసీయూ బెడ్డు ఒక్కటి పచ్చగా ఉంది. అక్కడ పిల్లల వార్డంతా ఎరుపు. ఊరికి అవతలి కొసన ఉన్న పిల్లల ఆసుపత్రిలో బాక్సులు రెండు ఖాళీ. అక్కడ పెద్దవాళ్ళకు ఐసీయూయే లేదు. పెద్దాసుపత్రి సిస్టర్‌కు ఫోన్ చేసి బతిమాలింది. "ఒక్కటంటే ఒక్క బాక్సు సర్దు తల్లీ, ఇద్దరూ ఒకచోట ఉంటారు."

"ఎక్కడ సర్దమంటావక్కా? ఇప్పటికే ఒక్కో బాక్సులో ఇద్దరేసి ఉన్నారు. నమ్మకపోతే వచ్చి చూడు."

ఇంక ఆలోచించే వ్యవధి లేదు. తల్లిని ఇటు, పిల్లను అటు పంపింది. రెండు ఆసుపత్రుల మధ్య రోడ్డు ఖాళీగా ఉంటే ముప్పావుగంట. ఇలా విడదీయడం ఆవిడకు కొత్త కాదు. చేసిన ప్రతిసారీ అంతలోనే ఇంకో ఫోన్ మోగుతుంది, పనిలో పడిపోతుంది.

ఈసారి మాత్రం అలా మరుపున పడలేదు. గురువారం మధ్యాహ్నం ఒక మగ గొంతు ఫోన్లో వినిపించింది. నెమ్మదైన గొంతు, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ ఉంది.

"మేడమ్, ఈ నంబరు ఆసుపత్రివాళ్ళిచ్చిన చీటీ మీద ఉంది. మంగళవారం మా ఆవిడను, పాపను పంపింది మీరేనంట కదా?"

"నేనే బాబూ. ఎలా ఉంది అమ్మాయి?"

"మాట్లాడుతోంది. పాపను చూపించమని అడుగుతోంది. పొద్దున్నుంచి అదే మాట. నేను కూడా ఇంకా పాపను చూళ్ళేదు మేడమ్. దీన్ని వదిలి కదల్లేకపోతున్నా. అక్కడ మా అత్త ఉంది."

అతను ఇళ్ళలో టైల్స్ వేసే పని చేస్తాడు. ఆ అమ్మాయి ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని చుట్టుపక్కల ఆడవాళ్ళకు జాకెట్లు కుడుతుంది. వాళ్ళమ్మకు ఈ కూతురు తప్ప ఎవరూ లేరు. బెడ్లక్క ఇవన్నీ అడిగి తెలుసుకుంది. అడగాల్సిన అవసరం లేదు, కంప్యూటర్లో అవి రాసే గళ్ళు కూడా లేవు. అయినా అడిగింది.

పిల్లల ఆసుపత్రి సిస్టర్‌తో పాప ఫోటో తీయించి అతని ఫోన్‌కు పంపించింది. పది నిమిషాలకే మళ్ళీ ఫోన్. ఈసారి ఆ అమ్మాయే.

"అక్కా, ఫోటో వచ్చింది గానీ నాకు కనపడ్డం లేదు. బీపీ కళ్ళకు కొట్టిందంట. తెల్లగా ఏదో మూటలాగా ఉంది, అంతే." ఆయాసంతో కాసేపు ఆగింది. "పట్టుకుంటే తెలుస్తుంది కదక్కా. వేలు పట్టుకున్నా చాలు."

"నేను చూస్తున్నా తల్లీ. మీ దగ్గర ఒక్క బాక్సు ఖాళీ అయితే చాలు, గంటలో పాప నీ పక్కనుంటుంది."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళే ముందు తెర మీద పెద్దాసుపత్రి వరసను నాలుగుసార్లు చూసింది. ఎరుపు ఎరుపుగానే ఉంది.

శుక్రవారం పదిన్నరకు పెద్దాసుపత్రి డాక్టరమ్మ తనే ఫోన్ చేసింది. "లివర్ దెబ్బతినేసిందమ్మా. రక్తం ఎక్కించేకొద్దీ పోతోంది. సాయంత్రం దాకా ఉంటుందనుకుంటున్నాం. అంతకుమించి చెప్పలేను. తెలివిలోనే ఉంది. బిడ్డను ఒక్కసారి తేగలరా?"

బెడ్లక్క కంప్యూటర్లో బండి కోసం అర్జీ తెరిచింది. పిల్లను ఎందుకు తరలిస్తున్నారని అందులో ఒక ప్రశ్న ఉంది. మెరుగైన వైద్యం, బెడ్డు కొరత, పరీక్షలు, ఇంటికి దగ్గర అని జవాబులు వరసగా ఉన్నాయి. ఏదీ సరిపోలేదు. చివర ఇతరములు అన్న చోట నొక్కి, 'తల్లి ముట్టుకోవడానికి' అని రాసింది. పిల్లల డాక్టరుకు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"ఆక్సిజన్ తీసేసి రెండ్రోజులైంది. తట్టుకుంటుంది. కానీ బాక్సున్న బండిలోనే తీసుకెళ్ళాలి. అక్కడ అరగంట, అంతే. వెంటనే నా పిల్లను నాకు తెచ్చివ్వాలి."

"తెచ్చిస్తాను డాక్టరుగారూ."

బాక్సున్న బండ్లు మొత్తం రెండే. ఒకటి తెల్లవారుజామున దూరపు ఊరికి వెళ్ళింది, మూడింటికి గానీ రాదు. రెండోది తాబేలుది. చంటిపిల్లను ఎక్కించుకుంటే గ్లాసులో నీళ్ళు తొణక్కుండా నడుపుతాడని తోటి డ్రైవర్లు ఆ పేరు పెట్టారు. ఖాళీ బండిని మాత్రం అతనంత జోరుగా తోలేవాడు లేడు.

"తాబేలూ, ఎక్కడున్నావు?"

"నీ తెర మీద కనపడ్డం లేదా అక్కా? టీ తాగుతున్నా."

"తాగింది చాలు, లే." విషయమంతా చెప్పింది.

"పావుగంటలో అక్కడుంటా," అన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు ఫోన్లోనే వినిపించింది.

అక్కడ పిల్లల వార్డులో సిస్టర్ బయటికొచ్చి, బెంచీ మీద ఉన్న ఆ అమ్మాయి తల్లికి చెప్పింది. యాభై దాటని ఆవిడను మూడు రోజుల్లో వార్డంతా కలిసి అమ్మమ్మను చేసేశారు. "అమ్మమ్మా, బండి వస్తోంది. పాపను మీ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్తున్నాం. నువ్వూ పాపతో ఎక్కు. ఎక్కడికీ పోకు, ఇక్కడే ఉండు." ఆవిడ గబగబా మొహం కడుక్కుని, జుట్టు ముడేసుకుని, సంచి సర్దుకుని తలుపు దగ్గర కూర్చుంది.

పన్నెండుకు పాతిక నిమిషాలుందనగా ఇంకో చిన్న ఆసుపత్రి సిస్టర్ నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, కవలలు! ఏడో నెల. ఇప్పుడే పుట్టారు, ఇంకా మాయ కూడా పడలేదు. ఇద్దరూ నీలం తిరిగారు. ఒకడికి నేను, ఇంకొకడికి ఆయా ఊపిరి బ్యాగు నొక్కుతూ కూర్చున్నాం. ఇక్కడ బాక్సు లేదు, ఏమీ లేదు. బండి పంపక్కా, తొందరగా!"

బెడ్లక్క తెర చూసింది. తాబేలు బండి పిల్లల ఆసుపత్రి ముందున్న మలుపులో ఉంది. అక్కణ్ణుంచి కవలల దగ్గరికి పన్నెండు నిమిషాలు. వాళ్ళను తీసుకెళ్ళి దించి, మళ్ళీ పాప దగ్గరికి రావడానికి ఒంటిగంటన్నర అవుతుంది. డాక్టరమ్మ సాయంత్రం దాకా అంది. ఒంటిగంటన్నరకు బయల్దేరినా రెండున్నరలోపు పాప తల్లి దగ్గరుంటుంది. ఈ లెక్కంతా ఆవిడ మనసులో అయ్యేసరికి అవతల సిస్టర్ రెండోసారి ఊపిరి కూడా తీసుకుని ఉండదు.

బండికి దారి మార్చే మీట నొక్కింది. వెంటనే తాబేలు ఫోన్ చేశాడు.

"అక్కా, ఇదేంటి? గేటు కనపడుతోంది నాకు."

"తెలుసు. తిప్పు."

"ఆ అమ్మాయి..."

"తిప్పు నాన్నా. అక్కడ ఇద్దరు ఊపిరాడకుండా ఉన్నారు."

తెర మీద అతని బండి చుక్క ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిరిగి పరుగందుకుంది. బెడ్లక్క పిల్లల ఆసుపత్రి సిస్టర్‌కు ఫోన్ చేసి, "బండి ఆలస్యమవుతుంది, ఒంటిగంటన్నరకు వస్తుంది," అంది. సిస్టర్ ఎవరికో ఇంజెక్షన్ ఎక్కిస్తోంది కాబోలు, "సరే సరే," అని పెట్టేసింది. పెద్దాసుపత్రికి చెప్పింది. కవలలకు బాక్సుల కోసం ఇంకో మూడు చోట్ల మాట్లాడింది. ఈ హడావిడిలో తెచ్చుకున్న టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

ఒంటిగంట ఇరవైకి పెద్దాసుపత్రి వరసలో ఒక ఐసీయూ బెడ్డు పచ్చబడింది.

ఎందుకు పచ్చబడిందో ఆవిడకు చూడగానే తెలిసిపోయింది. మరుక్షణం తను రాసిన అర్జీ తెర మీద దానంతటదే మూసుకుపోయింది. రోగి మరణించారు, ప్రయాణం రద్దు అని రెండు ముక్కలు వచ్చి పోయాయి. అప్పటికి తాబేలు కవలలను దించి, పాప కోసం వస్తూ దారిలోనే ఉన్నాడు.

పిల్లల డాక్టరుకు ఫోన్ చేసి అడిగింది, అయినా ఒకసారి తీసుకెళ్దామా అని. "ఇప్పుడెందుకమ్మా?" అన్నాడాయన మెల్లగా. "చలిగాలి, దుమ్ము, అంత దూరం. ఈ పిల్లనైనా నిలబెట్టుకోనీ." ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. "సరే డాక్టరుగారూ," అని ఫోన్ పెట్టేసింది. తాబేలుకు తనే చెప్పింది. చుక్క రోడ్డు పక్కన చాలాసేపు కదలకుండా ఉండిపోయింది. ఆవిడ కదలమనలేదు.

మూడింటికి లేచింది. మామూలుగా అయితే ఇంటికి బస్సెక్కాలి. ఆ రోజు పెద్దాసుపత్రి బస్సెక్కింది. ఎవరూ రమ్మనలేదు. అసలు బండి దారి మళ్ళించిన సంగతి ఆ కుర్రాడికి తెలియాల్సిన పని కూడా లేదు. ఆలస్యమైందని అనుకుని ఊరుకుంటాడు. అలా ఊరుకోనిస్తే మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేనని ఆవిడకు అనిపించింది.

ఐసీయూ బయట వరండాలో గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడతను. గోళ్ళ సందుల్లో తెల్లసిమెంటు ఇంకా అలాగే ఉంది. ఆవిడ నోరు విప్పగానే తలెత్తాడు. "ఫోన్లో మేడమ్," అన్నాడు.

మోకాళ్ళు సహకరించకపోయినా గోడ పట్టుకుని అతని పక్కన చతికిలబడింది. దాచకుండా చెప్పింది. బండి గేటు దాకా వచ్చిందనీ, తనే తిప్పించిందనీ, ఎందుకు తిప్పించిందో కూడా.

"వాళ్ళు బతికారా?" అన్నాడతను, నేల వైపే చూస్తూ.

"ఒకడు. రెండోవాడు దారిలోనే పోయాడు."

"ఒకడు," అన్నాడు. అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. "పన్నెండింటికి కూడా అడిగింది. బండి వస్తోందే అని చెప్పా. చేతులు కడగమంది. నర్సమ్మ తడిగుడ్డతో తుడిచింది. అలా చేతులు పొట్ట మీద పెట్టుకుని పడుకుంది."

బెడ్లక్క సంచిలోంచి నీళ్ళ సీసా తీసి అతని చేతిలో పెట్టింది.

"మా అత్తకు ఇంకా చెప్పలేదు మేడమ్. నా వల్ల కావడం లేదు."

"ఆవిడ ఎక్కడుంది?"

"అక్కడే. పాప దగ్గర. బండి కోసం చూస్తోంది."

పొద్దున్న పదకొండున్నర నుంచీ ఆ తల్లి అక్కడే కూర్చుని ఉంది. బండి మళ్ళిన క్షణంలో ఎవరైనా ఒక మాట చెప్పి ఉంటే, ఆటో ఎక్కి పన్నెండున్నరకల్లా కూతురి పక్కనుండేది. బెడ్లక్క పాప గురించి ఆలోచించింది, బండి గురించి, బాక్సుల గురించి, కవలల గురించి ఆలోచించింది. పందొమ్మిది ఆసుపత్రులూ కనిపించే తెర ముందు కూర్చుని, బెంచీ మీదున్న ఆ మనిషిని మాత్రం మర్చిపోయింది. బండి తిప్పినందుకు ఆవిడ తనను తాను సమాధానపరచుకోగలదు. దీనికి మాత్రం కాదు.

"పద బాబూ," అంది. "నేను చెప్తాను."

కబురు తెలిసి వచ్చిన అతని మేస్త్రీని అమ్మాయి దగ్గర కూర్చోబెట్టి ఇద్దరూ ఆటోలో బయల్దేరారు. దారిలో ఒకచోట బండ్లు ఆగిపోయినప్పుడు, "ఫోటోలో సరిగ్గా తెలియలేదు, పాప ఎలా ఉంటుంది మేడమ్?" అని అడిగాడు. "నేనూ చూళ్ళేదు నాన్నా," అంది ఆవిడ.

అమ్మమ్మ వార్డు తలుపు పక్కన, బెంచీ అంచు మీద కూర్చుని ఉంది. కాళ్ళకు చెప్పులున్నాయి, ఒళ్ళో సంచి ఉంది. పిలిస్తే లేచి పరుగెత్తేలా ఉంది. బండి వచ్చి వెళ్ళిపోతుందేమోనని బాత్‌రూమ్‌కు కూడా కదల్లేదని సిస్టర్ తర్వాత చెప్పింది. అల్లుడే వచ్చి చెప్తాడులే అని వార్డులో ఎవరూ ఆవిడకు సంగతి చెప్పలేదు.

అల్లుణ్ణి చూడగానే లేచింది. "నువ్వొచ్చావేంటయ్యా? దాని దగ్గర ఎవరున్నారు? నువ్వే బండి తెచ్చావా?"

అతను తల పక్కకు తిప్పుకున్నాడు. బెడ్లక్క ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, కూర్చోండి."

"నేను కూర్చోను. ఏమైంది?"

"అమ్మాయి పోయిందమ్మా. ఒంటిగంట ఇరవైకి."

"అదేంటి, పొద్దున్న నాతో మాట్లాడింది కదా," అంది అమ్మమ్మ, ఏదో పొరపాటు సరిదిద్దుతున్నట్టు. "ఎనిమిదింటికి మాట్లాడింది. పాపకు తల నిండా జుట్టుందే అన్నాను. నవ్వింది కూడా." ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. ఎక్కడా ఆధారం దొరక్క అలాగే బెంచీ మీద కూలబడింది. సంచి కిందపడి దాంట్లోంచి కూతురి కోసం సర్దిన ఉతికిన నైటీ బయటికొచ్చింది. ఆ తర్వాత ఆవిడ ఏడ్చిన ఏడుపుకు లోపలి వార్డులోంచి ఇద్దరు సిస్టర్లు వచ్చి నిలబడ్డారు. ఎవరూ ఊరుకోమనలేదు.

కాస్త తెరిపిన పడ్డాక బెడ్లక్క మిగతాది కూడా చెప్పింది. "బండి మళ్ళినప్పుడే మిమ్మల్ని బయల్దేరమని చెప్పాల్సింది. నాకు తట్టలేదమ్మా. తప్పు నాది."

అమ్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "నన్ను దాని దగ్గరికి తీసుకెళ్ళండి," అంది. అల్లుడు కదలబోతే ఆపింది. "నువ్వు పిల్ల దగ్గరుండు. ఎవరో ఒకరుండాలి కదా."

సిస్టర్ అతనితో మోచేతుల దాకా చేతులు కడిగించి, గౌను తొడిగి లోపలికి తీసుకెళ్ళింది. అద్దంలోంచి బెడ్లక్క చూసింది. బాక్సు పక్కనున్న గుండ్రటి కంతలోంచి చెయ్యి పెట్టి, పాపను ముట్టుకోకుండా గాల్లోనే ఉంచి నిలబడ్డాడు. తన చెయ్యి మరీ గరుగ్గా ఉందనుకున్నాడో ఏమో. చివరికి సిస్టరే అతని వేలు పట్టి పాప అరచేతిలో పెట్టింది. అతని భుజాలు కదిలిపోవడం చూసి బెడ్లక్క మొహం తిప్పుకుంది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో ఇద్దరాడవాళ్ళూ పక్కపక్కన కూర్చున్నారు. సాయంత్రపు రద్దీ. సగం దారిలో అమ్మమ్మ నోరు విప్పింది.

"నాకు ఈ ఊళ్ళో బస్సులన్నీ తెలుసు," అంది. "నడిచైనా వెళ్ళేదాన్ని. నువ్వొక్క మాట చెప్పుంటే..." అక్కడితో ఆగిపోయింది. బెడ్లక్క చెయ్యి ఆవిడ భుజం దాకా వెళ్ళి, తాకే ధైర్యం లేక సీటు మీద ఆగింది. పెద్దాసుపత్రి చేరేదాకా అలాగే ఉంది.

ఆ శని ఆదివారాలు బెడ్లక్క ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. భర్త అడిగితే మోకాళ్ళ నొప్పులంది. సోమవారం ఏడింటికి మళ్ళీ కుర్చీలో కూర్చుంది. మొదటి ఫోన్ రాగానే, తల్లి ఎలా ఉంది, బిడ్డ ఎలా ఉందని అడిగాక, "వాళ్ళతో వచ్చిన మనిషెవరు? ఫోన్ నంబరుందా?" అని అడిగింది. అవతలివాళ్ళు విసుక్కున్నారు. ఆవిడ మానలేదు. బండి ఎక్కడున్నా, ఆలస్యమైనా, దారి మళ్ళినా ముందు ఆ మనిషికే ఫోన్ చేసి చెప్పేది. కొన్నాళ్ళకు కంప్యూటర్‌వాళ్ళు కూడా ఆ నంబరు రాయడానికి ఒక గడి చేర్చారు. అది ఎందుకు చేర్చారో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు తెలియదు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

నెలా పదిరోజులకు ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"బెడ్లక్కను మాట్లాడుతున్నా, చెప్పండి."

అవతల వెనక ఎక్కడో చంటిపిల్ల సన్నగా ఏడుస్తోంది.

"ఇంటికొచ్చేశాం," అంది అమ్మమ్మ గొంతు. "ఈ రోజే పంపించారు. చెబుదామని చేశాను."

"పాలు తాగుతోందా అమ్మా?"

"తాగుతోంది. డబ్బాపాలే."

అమ్మమ్మ ఫోన్ పెట్టేయలేదు, బెడ్లక్కా పెట్టేయలేదు. పిల్ల ఏడుపు ఆగేదాకా ఇద్దరూ అలాగే వింటూ ఉండిపోయారు.